వాటం

బుడగ ఇంకా కిటికీ వైపే ఉంది. ట్రైలరు ముందు గోడకు బిగించిన రసమట్టంలో, పచ్చటి నీళ్ళలో, అది ఒక పక్కకు చేరి ఎంత చూసినా కదలనంటోంది. హయాత్ బాషా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూశాడు. బుడగ ఎటు ఉంటే అటు ఎత్తు, కాబట్టి తలుపు వైపు పల్లం, కాబట్టి తలుపు వైపు చక్రాల కింద ఇంకో చెక్క పెట్టాలి. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. అయినా అతను చెక్క కోసం కదలకుండా అక్కడే నిలబడ్డాడు, ఎందుకంటే రసమట్టం వెనక నున్నటి తెల్ల రేకులో తన ముఖం కూడా మసకగా కనబడుతోంది, ఆ ముఖం ఎడమ భుజం వైపు వాలి ఉంది. ఎప్పుడు వాలిందో తెలియదు. నిలబెట్టుకున్నాడు. బుడగ వైపు మళ్ళీ చూసే లోపల అది మళ్ళీ వాలింది.

పొద్దు వాలే అసర్ నమాజు వేళ దాటింది. అల్ ఐన్ ఊరు వెనకబడి చాలాసేపైంది. ఇక్కడ రెండు ఇసుక దిబ్బల మధ్య గులకరాళ్ళ నేల, మధ్యలో ఒక గాఫ్ చెట్టు, దూరంగా ఎండలో సగం కరిగినట్టు జబల్ హఫీత్ కొండ. ప్రతి చలికాలం అతని యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, కుటుంబంతో సహా కొన్ని వారాలు ఈ ఎడారిలోనే గడుపుతాడు. ప్రతి చలికాలం బాషా, తాను పనిచేసే కఫీల్ తోట నుంచి ఈ ట్రైలరును లాక్కొచ్చి వాళ్ళు వచ్చేలోపల నిలబెడతాడు. ఇది వెనక కొక్కేనికి తగిలించుకుని ఈడ్చే మామూలు బండి కాదు. దాని పొడుగాటి మెడ పికప్ వీపు మీదికి వచ్చి కూర్చుంటుంది, అలిసిన ఎద్దు కాడి మీద మెడ వాల్చినట్టు. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, అంతా ఒక ఇల్లు. మెడ విడిపించకముందే పక్క వాలు సరిచేయాలి, విడిపించాక ముందు కాళ్ళ మీద ముందువెనకల వాలు సరిచేయాలి. వరస తప్పితే మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది. వరస అతనికి బాగా తెలుసు. ఈ రోజు వరస మధ్యలో జేబులోని ఫోను ఉంది, అది మోగాలి, మోగకూడదు. ఊళ్ళో ఉన్న కూతురు మాహిరా అక్కడ పొద్దు గుంకేలోపల ఫోను చేస్తానంది. అక్కడ పొద్దు ఇక్కడికన్నా ముందు గుంకుతుంది. ఇక్కడ నీడలు ఇంకా సాగుతుండగానే అక్కడ ఆమె నీడ చాలా దూరం పోయి ఉంటుంది.

"వచ్చేసిందండి," అని లోపలి నుంచి రాజ్యం కేకేసింది. "తలుపు కాడికి దొర్లుకుంటా వచ్చేసిందండి మీ నిమ్మకాయ."

"నాదెట్లయితాది? వంటింట్లోంచి తెచ్చింది నువ్వు."

"పోనీ మామాగారిది అనుకోండి. ఎవరిదైనా పల్లానికే దొర్లుద్ది కదండీ."

రాజ్యం కోనసీమ మనిషి, రాజోలు దగ్గర. కఫీల్ తల్లిని చూసుకోవడానికి వచ్చింది. ఆ ముసలావిడను ఇంట్లో అందరూ మామా అంటారు, అమ్మ అని. మామా రోజుకు నాలుగైదు మాటల కన్నా ఎక్కువ మాట్లాడదు కాబట్టి రాజ్యం మిగతావారందరితో ఆ మాటలన్నీ మాట్లాడుతుంది. ట్రైలరు తుడవడానికి బాషాతో ముందుగా వచ్చింది, తుడవడం అయ్యాక బల్ల మీద నిమ్మకాయ పెట్టి అది ఎటు దొర్లితే అటు పల్లం అని చెప్పడం ఆమే కనిపెట్టిన పద్ధతి. రసమట్టం కన్నా నిమ్మకాయ మీదే ఆమెకు నమ్మకం.

పికప్ వెనక నుంచి చెక్క తెచ్చి చక్రం ముందు పడేశాడు. గులకరాళ్ళ కింద ఇసుక మెత్తగా ఉంది, పోయినేడు పెట్టిన చోటే అయినా పోయినేటి నేల కాదు. గాలి ఒక ఏడాది పాటు తనకిష్టమైనట్టు సర్దిపెట్టింది. నేల ఎక్కడా కుదురుగా ఉండదు, ఒట్టి కంటికి అలా కనబడుతుంది, అంతే. ఈ మాట తనది కాదు, మేనమామది. యర్రగుంట్ల పక్కన నాపరాళ్ళ గనుల మధ్య పుట్టినవాడికి నేల అంటే బండ, బండ అంటే నేల. మేనమామ వెనక తిరిగి బండపరుపు పని నేర్చుకున్నాడు. నేల మట్టంగా కనబడాల, మట్టంగా ఉండగూడదు, అనేవాడు ఆయన. కంటికి తెలియకూడదు, నీళ్ళకు తెలియాలి. వెనక గోడ నుంచి గడప దాకా దారం మందం, దారం మందం దిగుతూ రావాలి, అదే వాటం. వాటం రసమట్టంతో వచ్చేది కాదు, అరచేతితో వచ్చేది. బండలు పరిచి సందులు పూడ్చి ఆరనిచ్చాక, ఆ ఇంటి ఆడబిడ్డను పిలిచి వెనక గోడ మొదట్లో చెంబెడు నీళ్ళు పోయిస్తారు. నీళ్ళు ఎక్కడా నిలవకుండా గడప దాటితే మేస్త్రీ చేతిలో బెల్లం ముక్క పెడతారు. దాటకపోతే బండలు లేపాల్సిందే. రసమట్టం అబద్ధమన్నా చెప్తాది గానీ నీళ్ళు చెప్పవురా అబ్బీ. మేనమామ అన్నది నిజమే, కానీ ఆయన అన్నప్పుడు అతని కళ్ళు నీళ్ళ మీద లేవు, చెంబు పట్టుకున్న పిల్ల మీద ఉన్నాయి. అతను ఒంటరిగా పరిచిన మొదటి నేల అది. నీళ్ళు సగం దూరం పోయి, ఆలోచించుకున్నట్టు ఆగి, వెనక్కి తిరిగి, పోసిన పిల్ల పాదాల దగ్గరికే వచ్చాయి. "ఏం మేస్త్రీ, నీ నీళ్ళు నా కాళ్ళకాడికే వస్తాండాయే," అని, అతనికి ఇవ్వాల్సిన బెల్లం ముక్క తన నోట్లో వేసుకుంది. పీరాంబీ. బుగ్గలో బెల్లం పెట్టుకుని నవ్వింది. ఆ నేలను అతను మళ్ళీ లేపి పరిచాడు, అవసరమైన దానికన్నా ఎక్కువ కాలం తీసుకుని పరిచాడు.

ఎక్కి, పికప్‌ను మెల్లగా జానెడు ముందుకు పోనిచ్చాడు. చక్రం చెక్క మీదికి ఎక్కినప్పుడు ట్రైలరు ఎముకలు విరుచుకున్నట్టు మూలిగింది. డాష్‌బోర్డు అరలో ఏదో దొర్లి ఆ చివర టక్కుమంది. అదేమిటో అతనికి తెలుసు. చూడలేదు.

దిగి బుడగ చూశాడు. మధ్య గీతకు దగ్గరగా వచ్చి, ఒక్క గీరంత కిటికీ వైపు ఆగింది. ఇది చాలు అనిపించింది, చేతికి హాయిగా అనిపించింది, ఆ హాయే తప్పు అని అతనికి తెలుసు. ఈ చేతులు ఏ నేలనూ మట్టంగా వదలలేవు. ముందు కొన్నేళ్ళు మఫ్రఖ్‌లో కూలీల క్యాంపులో ఉంటూ పెద్ద పెద్ద మేడల్లో టైల్స్ పరిచినప్పుడు కూడా ఫోర్‌మన్ అరిచేవాడు, ఇది స్నానాలగది కాదురా, సీదా కరో అని. తోటలో పనికి వచ్చాక, మొదటి చలికాలం ఈ ట్రైలరును నిలబెట్టినప్పుడు, మామా లోపలికి వచ్చి, మంచం మీద పడుకుని, కళ్ళు మూసుకుని, చేయి గాలిలోకి ఎత్తి తలుపు వైపు వంచింది. మాయిల్, అంది. వాలింది అని. గిన్నెలో నీళ్ళు పెట్టి చూపించినా ఒప్పుకోలేదు. తన నడుముకు తెలుస్తుందట. ఆవిడ చిన్నప్పుడు ఒంటెల మీద, గుడారాల్లో, దిబ్బల వాలులోనే పడుకుని పెరిగిన మనిషి, ఇప్పుడు మాత్రం దారం మందం తేడా ఉన్నా నిద్రపోదు. అప్పటి నుంచి ప్రతి ఏడూ మాయిల్ అనడం, అతను బయటికి వెళ్ళి సరిచేయడం. ఒక్క వాలుకు అంత గొడవ చేయగల మనిషిని చూస్తే అతనికి కోపం రాదు. కొంచెం అసూయ వేస్తుంది.

"తల అలా వాల్చి చూత్తారేంటండి, కోడి గింజని చూసినట్టు?" రాజ్యం కిటికీలోంచి మెడ బయటికి పెట్టింది. "భూమి వంకరో మీరు వంకరో నాకు తెలవట్లేదు."

"రెండూ."

"అక్కగారు చెప్పలేదాండి మీకు? ఫోన్లో చూత్తారు కదా రోజూ. నిటారుగా కూచోవయ్యా అనొద్దా ఏంటి."

అతను చక్రం కింద చెక్కను కాలితో తట్టి చూశాడు. "ఇవాళ ఫోను చేశారా?" అంది రాజ్యం.

"చేస్తాది. ఇంకాసేపటికి."

అబద్ధం కూడా కాదు, చేసేది మాహిరా. అతను ఎప్పుడూ పెద్ద అబద్ధం చెప్పలేదు. రాజ్యం ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు, ఊళ్ళో ఎవరెవరున్నారండీ అని అడిగింది, అందరూ అడిగేదే. భార్య, బిడ్డ, అన్నాడు. నోరు అలవాటుగా అన్నది, అప్పుడు సరిదిద్దుకోవచ్చు, ఒక్క క్షణం అక్కడ ఖాళీగా ఆగింది కూడా, కానీ రాజ్యం వెంటనే అక్కగారి పేరేంటండి అంది. పేరు చెప్పడంతో ఎన్నాళ్ళుగానో నోట్లో ఆరిపోయి ఉన్న ఒక తడి మళ్ళీ ఊరింది. తర్వాత పీరాంబీ మెల్లగా మళ్ళీ కాపురం మొదలుపెట్టింది. పొరుగింటావిడతో గోడ మీది గుమ్మడి తీగ గురించి పోట్లాడింది. మేకపిల్లను కొన్నది, దానికి పేరు పెట్టింది. పోయినేడు రాజ్యం, అక్కగారి ఒంట్లో ఎలాగుందండీ అని అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా అని మోకాళ్ళ నొప్పులు వచ్చాయన్నాడు. అన్నాక అతనికి రాత్రంతా దిగులు వేసింది, పాపం వయసు మీద పడుతోంది, మెట్లు ఎక్కలేదేమో అని. చచ్చిపోయిన మనిషికి మోకాళ్ళ నొప్పులు తెప్పించి, ఆ నొప్పులకు తానే దిగులుపడి, ఆ దిగులులో ఒక వెచ్చదనం దొరికి నిద్రపోయాడు. రాజ్యం మాత్రం ఊరుకోలేదు. బజారుకు పోయినప్పుడు కీళ్ళనొప్పుల మందు డబ్బా ఒకటి కొని, అక్కగారికి పంపండి, రెండు పూటలా రాయమనండి, అని చేతిలో పెట్టింది. అదే డాష్‌బోర్డు అరలో ఉన్నది. మలుపులో, గుంటలో, వాలులో, అది అటూ ఇటూ దొర్లుతుంది. పంపాడని ఆమె అనుకుంటోంది. నొప్పి కొంచెం తగ్గిందని కూడా అతను చెప్పాడు.

చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు తన్ని బిగించాడు. ఇక మెడ విడిపించాలి. ముందు కాళ్ళ కింద వెడల్పాటి పలకలు వేసి, మీట నొక్కితే ఆ రెండు కాళ్ళు లోపలి నుంచి మెల్లగా దిగి, పలకలను వెతుక్కుని, బరువు తీసుకుంటాయి. ఈ చప్పుడు అతనికి నచ్చదు. గుర్రుమని సాగి, ఒక చోట గొంతు మారుతుంది. బరువు ఎక్కినప్పుడు గొంతు మారుతుంది. ఆ రోజు కూడా ఇలాంటి చప్పుడే, తోటలో బోరు మోటారు చప్పుడు. ఖర్జూరం చెట్ల మధ్య పికప్‌లో కూర్చున్నాడు, ఫోనును స్టీరింగుకు ఆనించి. విమానాలు ఆగిపోయిన ఎండాకాలం. పీరాంబీని ఆస్పత్రి నుంచి నేరుగా తీసుకుపోయారు, పాత ఖబ్రస్తాన్‌లో చోటివ్వలేదు, గుట్ట కింద ఎవరో స్థలం చూపించారన్నారు. తెల్లటి సంచీ తొడుగుల్లో నలుగురు మనుషులు, ముఖాలు లేవు. దూరపు చుట్టం ఒకడు ఫోనును ఏదో రాయికి ఆనించి పెట్టి తానూ దూరంగా పోయాడు. బొమ్మ వాలిపోయింది. నేల మొత్తం ఎడమకు జారుతోంది, నలుగురూ జారిపోయేవాళ్ళలా నిలబడ్డారు, తెల్లటి మూట ఒకటి వంకరగా, వంకరగా దిగింది. ఫోను వాలింది, అన్నాడు అతను. ఫోను సరిగ్గా పెట్టండి. రేయ్ ఎవరన్నా ఫోను నిలబెట్టండ్రా. వాళ్ళెవరికీ వినబడలేదు, లేదా వినబడినా దగ్గరికి రాలేదు. దుఆ చదవాల్సిన నోరు చివరిదాకా అదే మాట చదివింది. ఫోను సరిగ్గా పెట్టండి. తల ఎడమకు వంచితే బొమ్మ కొంచెం నిటారుగా కనబడింది, అందుకని వంచాడు, మట్టి కప్పేదాకా అలాగే వంచి ఉంచాడు. అప్పటి నుంచి ఇంతే. ఆ వాలిన బొమ్మలో దిగినది ఆమె కాదనిపించేది. సరిగ్గా పెట్టిన బొమ్మ ఒకటి ఎక్కడో ఉంది, అందులో చూస్తే గదా తెలిసేది. దాన్ని అతను చూడలేదు, కాబట్టి చూడనిది జరగలేదు. మనసు ఇలాంటి చిన్న సందు దొరికితే చాలు, అందులో కాలు పెట్టి తలుపు మూసుకోనివ్వదు.

ఫోను ఆగిపోయాక దిగి చెట్లకు నీళ్ళు కట్టాడు. కఫీల్ తోటకు వచ్చి, ఏమిటి అలా ఉన్నావు అంటే, తలనొప్పి అన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు సెలవు వచ్చింది. రెండుసార్లూ తోటలో ఇంకొకడికి వదిలేశాడు, వాడి పెళ్ళని, వాడి ఇల్లని. ఇక్కడ ఉన్నంతకాలం ఊళ్ళో ఇల్లు ఉన్నట్టే ఉంటుంది. గడప, గోడ, గుమ్మడి తీగ, పొయ్యి దగ్గర మనిషి. ఆ ఇంటి నేల కూడా అతనే పరిచాడు, ఒక సెలవులో. మన యింటికి మాత్రం నువ్వొద్దు లేయ్యా, వేరే మేస్త్రీని పిలుస్తా, అని ఆమె ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో. చివరికి చెంబు పట్టుకుని నీళ్ళు పోస్తే, నీళ్ళు బుద్ధిగా, నేరుగా, గడప దాటి పోయాయి. పీరాంబీ ముఖం కొంచెం చిన్నబోయింది. ఈసారి నా కాడికి రాలేదే, అంది.

వేరే మేస్త్రీ. నిన్న మాహిరా అదే మాట అంది, ఎగతాళిగా కాదు. వానలకు ఖబరు మీది మట్టి కొట్టుకుపోయిందట, తలవైపు రాయి ఒరిగిపోయిందట. ఆ బిడ్డ పెద్దమ్మ దగ్గర ఉండి ఊళ్ళో బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది, తండ్రితో మాట్లాడేటప్పుడు కూడా ఒకటికి రెండుసార్లు చెప్పే అలవాటు వచ్చింది. ఎల్లుండి జుమ్మా తర్వాత మేస్త్రీ వస్తాడు నాయినా. వచ్చి రాయి నిలబెట్టి సిమెంటు చేస్తాడు. నువ్వొచ్చేదుంటే ఆపుతా. వచ్చేది లేదంటే చెప్పు, చేపిచ్చేస్తా. చెప్పు నాయినా. అతను రేపు చెప్తా అన్నాడు. రేపు అంటే ఈ రోజు, ఇప్పుడు. సిమెంటు చేస్తే అయిపోయింది. ఇంకొకడి చేయి. ఇంకొకడి అరచేయి ఆమె మీద మట్టిని సర్ది ఖలాస్ అంటుంది. పోతే, పోయి చూడాలి. పోయి చూస్తే ఇక పొయ్యి దగ్గర ఎవరూ ఉండరు, గుమ్మడి తీగ కోసం ఎవరూ పోట్లాడరు, మోకాళ్ళ నొప్పులు ఉండవు. పోకపోతే ఇంకొకడి చేయి. రెండింటిలో ఏది ఎక్కువ చావు అని అతను ఆలోచించాడు, చెమట కంట్లో పడి మండింది.

పిన్ను లాగి, పికప్‌ను ముందుకు తీశాడు. మెడ కింద నుంచి బరువు తప్పుకుంది. వెనక అద్దంలో ట్రైలరు తన కాళ్ళ మీద తాను నిలబడి ఉంది, ఎవరికీ తగిలించి లేదు. పికప్ నిలిచిన చోట గుంట ఉన్నట్టుంది, డబ్బా మళ్ళీ దొర్లింది. దిగి వచ్చి ముందు కాళ్ళను ఒక వేలెడు దించాడు, వెనక కాళ్ళు బిగించాడు. మళ్ళీ పక్కబుడగ దగ్గరికి వచ్చాడు. ఒక్క గీర తేడా. మామా ఒప్పుకోదు. ఇప్పుడు చెక్క మార్చాలంటే మళ్ళీ మెడ తగిలించాలి, మొత్తం మొదటికి రావాలి, మామా మాయిల్ అన్నాక చూద్దాం అనుకున్నాడు. అప్పుడు ఫోను మోగింది.

మాహిరా ముఖం, వెనక ఎర్రటి ఎండ, గాలికి చెవుల మీద కొంగు కొట్టుకుంటోంది. ఆడవాళ్ళు ఖబర్ల దగ్గరికి పోరాదంటారు ఊళ్ళో, కానీ ఇది గోడలేని చోటు, అడ్డుచెప్పేవాళ్ళు రారు.

"పనిలో ఉండావా నాయినా?"

"అయిపాయె. చెప్పు."

"నేను చెప్పేదేముంది. చెప్పాల్సింది నువ్వు. ఇదో, చూడు ముందు." ఫోను తిప్పింది.

అదే బొమ్మ. ఎడమకు జారిపోతున్న నేల, దాని మీద ఒక మట్టి దిబ్బ, దిబ్బకు ఒక చివర ఒరిగిన రాయి. ఎన్ని ఏళ్ళుగా లోపల ఉన్నదో అదే బొమ్మ, అదే వాలు, గడ్డి ఒక్కటే కొత్తది. అతని తల దానంతట అది ఎడమకు వాలింది.

"ఫోను సరిగ్గా పట్టుకోమ్మా. వాలింది."

"సరిగ్గానే పట్టుకున్న్యా నాయినా."

"వాలిందిమ్మా. ఎడం పక్కకి. నిలువుగా పట్టు."

"నిలువుగానే ఉండాది. ఫోను కాదు నాయినా, నేలే అట్లుండాది."

"గుట్ట కింద చదునే గదా అది."

"గుట్ట కింద యాడిది, గుట్ట మీద ఇది. వాలులో. ఆ పొద్దు కింద చోటు ఇయ్యలేదంట, పైకి మోసుకొచ్చినారంట. నీకెవురూ చెప్పలేదా?" ఆ పిల్ల బడిలో ఒకటికి రెండుసార్లు చెప్పినట్టు ఇక చెప్పలేదు. ఫోనును ఎక్కడో ఆనించినట్టుంది, బొమ్మ కదలకుండా నిలబడింది, అందులోకి ఆమె చెంబుతో వచ్చింది. ఖబరు మీద పోయడానికి తెచ్చుకున్న నీళ్ళు. దిబ్బకు కుడివైపు, ఎత్తున, ఒట్టి నేల మీద చెంబు వంచింది.

నీళ్ళు ఎక్కడా ఆగలేదు. ఆలోచించుకోలేదు. గుట్ట పైనుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు, నేరుగా దిబ్బ తలవైపుకు వచ్చి, ఒరిగిన రాయి మొదట్లో దూరి, అటుపక్క మట్టిని కొంచెం వెంట తీసుకుని, బొమ్మ అంచు దాటి పోయాయి.

అతను చూశాడు. అంటే, ఆ రోజు కూడా బొమ్మ సరిగ్గానే ఉంది. ఆ నలుగురు మనుషులు జారేవాళ్ళలా నిలబడింది నిజంగానే వాలులో నిలబడి. ఆమె వంకరగా దిగింది నిజంగానే అలా దిగింది. అతను చూసింది చూసినట్టే జరిగింది, ఒక్క గీర కూడా తేడా లేకుండా. సరిగ్గా పెట్టిన ఇంకో బొమ్మ ఎక్కడా లేదు. దాని కోసం ఇన్నాళ్ళూ వంచి ఉంచిన మెడలో ఒక్కసారిగా నొప్పి, ఎముకకూ ఎముకకూ మధ్య దాచిపెట్టినదంతా ఒకేసారి అడిగినట్టు. దాని వెంట, ఇంకా చిత్రంగా, కళ్ళు తమ పని తాము చేసుకుంటున్నాయి. ఎగువ నుంచి వచ్చే నీళ్ళు నేరుగా తల మీదికి వస్తున్నాయి. రాయి నిలబెట్టి సిమెంటు చేస్తే ఏం లాభం, వచ్చే వానకు కిందిదంతా తినేస్తుంది. ఎగువన అడ్డంగా బండలు పాతాలి, నాపరాళ్ళే, నిలువుగా, జానెడు లోతు, అక్కడి నుంచి పక్కకు వాటం ఇచ్చి నీళ్ళను ఆమెను తాకకుండా తిప్పి పంపాలి. దారం మందం, దారం మందం. అది ఆ మేస్త్రీకి తట్టదు. ఎవరికీ తట్టదు.

"నాయినా? ఉండావా?"

"ఆ మేస్త్రీని రావద్దని చెప్పు."

మాహిరా ముఖం తిరిగి బొమ్మలోకి వచ్చింది, నమ్మని ముఖం. "మళ్ళా రేపు, ఎల్లుండి అంటావు. రంజాన్‌కి అంటివి, బక్రీద్‌కి అంటివి."

"రాయిని ఎవురూ ముట్టుకోవద్దు. ఎగువన నీళ్ళు తిప్పకుండా రాయి నిలబెట్టగూడదు. నేనొస్తాండా."

"సెలవు అడిగినావా?"

"అడుగుతా. వస్తాండారు వాళ్ళు."

"నాయినా," అంది ఆ పిల్ల, గొంతు చిన్నదై. "నేనొక్కదాన్నే వస్తాండా ఈడికి, ఇన్నాళ్ళూ." తర్వాత చీకటి పడుతోందని పెట్టేసింది.

నిజంగానే దిబ్బ వెనక దుమ్ము లేచింది. తెల్లటి పెద్ద కారు దిబ్బ వాలులో దిగుతూ ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకుని, ట్రైలరు ముందు ఆగింది. రాజ్యం కొంగుతో చేతులు తుడుచుకుంటూ, నిమ్మకాయను ఒక చేతిలో పట్టుకుని మెట్ల మీదికి వచ్చింది. బాషా మామూలుగా అయితే కారు వెనక తలుపు తీసి మామాను దించడానికి సాయం పోతాడు. ఇప్పుడు ముందు కిటికీ దగ్గరికి పోయాడు. కఫీల్ అద్దం దించాడు. సలాం అయ్యాక, "బాబా, ఇజాజా కావాలి," అన్నాడు, సెలవు అని, తనకొచ్చిన అరబ్బీ కలిసిన హిందీలో. "ఈ వారంలోనే."

కఫీల్ అతని ముఖం చూశాడు. పని మధ్యలో, వారంలో సెలవు కావాలనే పనివాణ్ణి ఈ దేశంలో ఎవరైనా మొదట అడిగేది ఒకటే. "కోన్ మర్‌గయా?" అన్నాడు, మెత్తగా. ఎవరు పోయారని.

నోరు తెరిచాడు. రాజ్యం వెనక ఉంది, చెవులు ఇటే ఉన్నాయి, తెలుసు. ఊళ్ళో ఇంట్లో పొయ్యి దగ్గర మనిషి తలెత్తి అతని వైపు చూసింది, ఏమంటాడో విందామన్నట్టు.

"మేరా ఔరత్, బాబా." నా భార్య అని.

వెనక మెట్ల మీద నిమ్మకాయ కింద పడిన చిన్న చప్పుడు. కఫీల్ చేయి గుండె మీదికి పోయింది. వెనక సీట్లో మామా ఆమె మీద అల్లా దయ ఉండాలని అరబ్బీలో గొణిగింది. "ఎప్పుడు?" అన్నాడు కఫీల్.

కరోనా అప్పుడు, అనే మాట గొంతు దాకా వచ్చింది. అది నిజం. కానీ నీళ్ళు ఆ రాయి మొదట్లో దూరింది ఇప్పుడు.

"ఇప్పుడే చూశాను," అన్నాడు.

కఫీల్ ఇంకేమీ అడగలేదు. వెళ్ళు, టిక్కెట్టు నేను చూస్తాను, అన్నాడు. రాజ్యం మెట్లు దిగి వచ్చి, అతని పక్క నుంచి నడిచి, మామాను భుజం పట్టుకుని దించి, లోపలికి తీసుకుపోయింది. ఒక్కసారి కూడా అతని ముఖం చూడలేదు. మంచం కిర్రుమంది. తర్వాత మామా గొంతు. మాయిల్. అతను వినబడనట్టు నిలబడ్డాడు, ఆ ఒక్క గీర అలాగే ఉంది, మెడ మళ్ళీ తగిలించాలి, చెక్క మార్చాలి, వరస మొదటి నుంచి. పిల్లలు కార్లోంచి దిగి ఇసుకలోకి పరుగెత్తారు. కాసేపటికి రాజ్యం మెట్ల మీదికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చాలా ఏళ్ళ కిందటి విషయమని ఆమెకు అర్థమైందో, ఇప్పటిదే అనుకుందో అతనికి తెలియలేదు. ఇన్నాళ్ళూ బాషా గారండీ అని పిలిచిన మనిషి, పిలుపు మార్చింది.

"అన్నయ్యా," అంది. "ఆ మోకాళ్ళ మందు పంపనేలేదు కదూ."

"లేదు."

"ఎక్కడుందో ఇలా ఇచ్చేయండి. మామాగారికి కాళ్ళు లాగేత్తన్నాయంటున్నారు, రాత్తాను."

అతను పికప్ దగ్గరికి పోయి అర తెరిచాడు. డబ్బా పల్లం వైపు మూలకు చేరి ఉంది. తీసి, మూత మీది దుమ్ము చొక్కాకు తుడిచి, తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత చెక్క కోసం వంగాడు.